ఎనిమిది గంటల కొలత

విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ప్రశ్నావళి ముప్పై నాలుగు పేజీలుంది. మా శాఖాధిపతి పూర్ణచంద్రరావుగారు దాన్ని నా బల్ల మీద పెట్టి, దానిపైన ఐదేళ్ళ కిందటి ప్రశ్నావళి నకలు పెట్టారు.

"ఏం లేదు మాస్టారూ. పాతదాంట్లో ఉన్నది దీంట్లోకి ఎక్కించండి. సంవత్సరాలు మార్చండి, చాలు. మీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది కదా."

"జవాబులు కూడా పాతవేనాండీ?"

"ప్రశ్నలు పాతవే కదండీ!" అని నవ్వి, తన గదిలోకి వెళ్ళిపోయారు.

అది డెబ్భై నాలుగు నవంబరు. బాపట్లలో మా ఇంజనీరింగు కళాశాలలో ఎం.ఇ. కోర్సు పెట్టి పదేళ్ళయింది. డెల్టాలో మురుగునీరు సముద్రానికి ఎలా పంపాలి అన్నది మా విషయం. పదేళ్ళలో పంతొమ్మిది మంది థీసిస్‌లు రాసి పట్టాలు తీసుకున్నారు. ఇప్పుడు కోర్సు ఎలా నడుస్తోందో చూడడానికి ముగ్గురు సభ్యుల సంఘం నెలాఖరున వస్తోంది. వాళ్ళకు నచ్చితే కోర్సు ఉంటుంది, లేకపోతే లేదు.

నేను అక్కడ పన్నెండేళ్ళుగా రీడర్ని. రోజూ తెనాలి నుంచి పాసింజరులో వచ్చి, సాయంత్రం పాసింజరులోనే వెళ్తాను. మా ఆవిడ సీతారావమ్మ పోయిన నాలుగేళ్ళ నుంచి ఇంటికి తొందరగా వెళ్ళాల్సిన పని లేదు గనక, ఇలాంటి కాగితాలన్నీ నా బల్ల మీదికే వస్తాయి. అదొక రకంగా మంచిదే. సాయంత్రం బండిలో ఈపురుపాలెం నేతగాడు ఒకాయన నాకోసం కిటికీ పక్కన తువ్వాలు పరిచి చోటు ఉంచుతాడు. ఆయన పేరు నాకు తెలియదు, నా పేరు ఆయనకు తెలియదు. నేను రాని రోజున ఆ చోటు ఏమవుతుందోనని అప్పుడప్పుడు అనుకుంటాను.

ఆ సాయంత్రం బండిలోనే ప్రశ్నావళి తెరిచాను. పదమూడు ప్రశ్నల దాకా సాఫీగా సాగింది. పద్నాలుగో ప్రశ్న: విద్యార్థులు కాలువల మీద పరిశీలనలో గడిపే రోజులు ఎన్ని? పాత జవాబు: తగినన్ని.

నా కలం అక్కడ ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే కరుణ సంగతి చెప్పాలి.

కరుణది రేపల్లె. తండ్రి లూథరన్ మిషను బడిలో ఉపాధ్యాయుడు. మా ఎం.ఇ.లో చేరిన మొదటి ఆడపిల్ల. రేపల్లె దిగువన సముద్రంలోకి పోయే పెద్ద మురుగుకాలువ మీద ఆమె థీసిస్. జులైలోనే పూర్తిచేసి గైడైన పూర్ణచంద్రరావుగారికి ఇచ్చింది. నాలుగు నెలలుగా అది ఆయన సొరుగులోనే ఉంది. గైడు సంతకంతో విశ్వవిద్యాలయానికి చేరడానికి ఆఖరి తేదీ డిసెంబరు పది. దాటితే నమోదు రద్దవుతుంది, మూడేళ్ళ చదువూ పోతుంది.

మర్నాడు వరండాలో కనిపిస్తే అడిగాను.

"సంతకం అయిందా అమ్మా?"

"నాలుగో అధ్యాయం తీసేస్తే రేపే పెడతానన్నారండి."

"మరి తీసేస్తావా?"

"తీసేస్తే ఇంక అట్టలే మిగుల్తాయి సార్." ఆ పిల్ల సంచిలోంచి కార్బన్ ప్రతి తీసి నా చేతిలో పెట్టింది. "మీరు చదవండి. తప్పని మీరంటే తీసేస్తాను. ఆయన తప్పని కూడా అనట్లేదండి. తియ్యమంటున్నారంతే."

ఆ సాయంత్రం పక్కింటి అచ్చమ్మగారు గోడ మీంచి అందించిన పప్పుచారు గిన్నె ఒక పక్కన, కరుణ థీసిస్ ఒక పక్కన పెట్టుకుని కూర్చున్నాను. గంటగంటకీ తీసిన అంకెలతో, రోజుకొక్క కొలత చాలదని చెప్పే నాలుగో అధ్యాయం చదివాక, కళాశాల బీరువాలోంచి తెచ్చుకున్న పాత థీసిస్‌లు నాలుగు తెరిచాను. నాలుగూ అదే మురుగు మీద రాసినవి. నాలుగింటిలోనూ రోజూ ఉదయం ఎనిమిది గంటలకు లస్కరు తీసిన నీటిమట్టం పట్టికలున్నాయి. లస్కరంటే కాలువ తలుపులు ఎత్తి దించే నౌకరు. ఆ పట్టికల్లో మట్టం పెరిగిన ప్రతిసారీ మావాళ్ళు "వరద" అని రాశారు.

అటక మీంచి పాత పంచాంగాలు దింపి, ఆ వరదలను ఒక్కొక్కటే పెన్సిలుతో గుర్తు పెట్టాను. వాన పడని ఫిబ్రవరిలో రెండు వరదలున్నాయి. మార్చిలో రెండు. ఏప్రిల్లోనూ రెండే. ప్రతి వరదా అమావాస్యకో పౌర్ణమికో అటూ ఇటూగా వచ్చింది.

వరదలు తిథి చూసుకుని రావు. అది సముద్రం.

ఆ నాలుగు థీసిస్‌లలో రెండింటిని పరీక్షకుడిగా చూసి "ప్రశంసనీయం" అని రాసింది నేను. నా ముత్యాల దస్తూరీతోనే రాశాను. పప్పుచారు చల్లారిపోయింది.

నాగులచవితి ఆదివారం వచ్చింది. పొద్దున్నే తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను. దిగేసరికి స్టేషనులో కరుణ ఎదురొచ్చింది. రిక్షాలో కొంత దూరం, తర్వాత మురుగు గట్టున నడక. పుట్టల దగ్గర పాలు పోసి వస్తున్న ఆడవాళ్ళు మాకు దారి వదిలారు. గట్టు చివర రాతి స్తంభాల మీద నిలబడ్డ కట్టడం, పక్కనే తాటాకు పాక. పాకలోంచి ఖాకీ చొక్కా తొడుక్కుంటూ ఒకాయన వచ్చాడు.

"లస్కరు తోమాసుగారండి," అంది కరుణ.

"దండాలు బాబుగారూ. పండగ పూట వచ్చారేంటండి?"

"నీకు సెలవు లేదా తోమాసూ?"

"సముద్రానికి సెలవిస్తే నేనూ తీసుకుంటానండి."

నేను కట్టడం వైపు చూశాను. స్తంభాల మధ్య ఖాళీలున్నాయి. "తలుపులేవయ్యా?"

"ఏ తలుపులండి?"

"సముద్రం నీళ్ళు పైకి రాకుండా ఆపే తలుపులు. మా పుస్తకాల్లో ఎనిమిదున్నాయి."

"మీ పుస్తకాల్లో ఇంకా ఉన్నాయాండి!" తోమాసు నిజంగానే సంతోషపడ్డాడు. "ఇక్కడ మాత్రం అరవైతొమ్మిది గాలివానకే పోయాయండి. ఆరు ఏమయ్యాయో తెలీదు. రెండు అదిగో, ఆ చేలో పడున్నాయి. మా ఇంటిది పుల్లమ్మ వాటి మీద మిరపకాయలు ఎండబెడద్ది."

ఐదేళ్ళు. ఐదేళ్ళలో మా కళాశాల పంతుళ్ళలో ఒక్కరికీ తెలియదు.

"మరి ఎనిమిది గంటలకే ఎందుకు చూస్తున్నావు?"

"తలుపులున్న రోజుల్నించీ అదే రూలండి. ఎనిమిదింటికి కొలతరాయి మీద నీళ్ళు ఎన్ని అడుగులుంటే అన్నడుగులు రాస్తాను. నీళ్ళు ఎటు పోతున్నాయో రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదండి."

"మా కుర్రాళ్ళెవరూ అడగలేదా?"

"ఒకాయన జీపులో వచ్చారండి. కొబ్బరిబోండాం తాగి, నా పుస్తకంలో అంకెలు ఎక్కించుకుని వెళ్ళారు. మంచాయనే. ఈ కరుణమ్మగారు మాత్రం పద్దెనిమిది రోజులు గంటగంటకీ చూశారండి. మా పుల్లమ్మ తోడుండేది."

"పుల్లమ్మగారు నాకంటే బాగా చూసేదండి. నేను కునికితే గిల్లేది," అంది కరుణ.

అప్పుడే కరుణ నా మోచెయ్యి తాకి నీళ్ళు చూపించింది. సముద్రం వైపు పోతున్న గుర్రపుడెక్క గుబురొకటి మెల్లగా నిలిచిపోయింది. కాసేపు అక్కడే తిరిగింది. తర్వాత, ఎవరో వెనక్కి పిలిచినట్టు, రేపల్లె వైపు కదిలింది.

"పోటు తిరిగిందండి," అన్నాడు తోమాసు. "ఇంక మధ్యాన్నం దాకా ఇటే."

నేను చాలాసేపు నిలబడి చూశాను. తోమాసు పాకలోంచి పీట తెచ్చి వేశాడు. నా మోకాళ్ళ సంగతి అతనికి ఎవరు చెప్పారో తెలియదు.

ఇంటికి వచ్చి ప్రశ్నావళి నింపాను. పద్నాలుగో ప్రశ్నకు ఇలా రాశాను: "పెద్ద మురుగు మీద ఐదేళ్ళలో ఐదుగురు థీసిస్‌లు రాశారు. వారిలో మురుగు దగ్గర ఉండి చూసినది ఒక్కరు, పద్దెనిమిది రోజులు. మిగతావారు లస్కరు పుస్తకం ఎక్కించుకున్నారు. సముద్రపు పోటును వానవరద అనుకుని లెక్క కట్టారు." పరీక్షకులు ఎవరన్న ప్రశ్న దగ్గర నా పేరు రాసి, "కాలువ చూడకుండా ఆమోదించాను" అని చేర్చాను. కోర్సు బాగుపడడానికి సూచనలు రాయమన్న చోట, ప్రతి విద్యార్థీ అమావాస్య నుంచి పౌర్ణమి దాకా నీటి దగ్గర ఉండాలనీ, గైడు ఒక్కసారైనా వెళ్ళాలనీ, మట్టాల పట్టిక మీద కొలత తీసిన లస్కరు సంతకం లేకపోతే థీసిస్ చెల్లకూడదనీ రాశాను. రెండు నకళ్ళు తీశాను. ఒకటి విశ్వవిద్యాలయానికి రిజిస్టరు పోస్టులో వేద్దామని మర్నాడు తెనాలి పోస్టాఫీసుకు వెళ్ళేసరికి కిటికీ మూసేస్తున్నారు. లోపలి గుమాస్తా నా మొహం చూసి, ఏమీ అడక్కుండా మళ్ళీ తెరిచాడు.

రెండో నకలు పూర్ణచంద్రరావుగారికి ఇచ్చాను. అరగంటలో పిలుపొచ్చింది.

"లస్కరు సంతకమా! ఎం.ఇ. డిగ్రీకి లస్కరు సంతకమా మాస్టారూ! రేపు గేటు దగ్గర జామకాయలమ్మేదాన్ని కూడా పరీక్షకురాలిగా వేద్దాం!"

"జామకాయల మీద థీసిస్ రాస్తే వెయ్యాల్సిందేనండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది చూస్తే కోర్సు మూసేస్తారు. తెలుసా?"

"మూస్తారేమోనండి."

"పదేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుని నిలబెట్టాను. ఎనిమిది గంటల పట్టికల పద్ధతి నాది. నా డాక్టరేటు దాని మీద వచ్చింది."

"మీ రోజుల్లో తలుపులున్నాయి రావుగారూ. మీ లెక్క తప్పు కాదు. తలుపులు పోయాక కూడా అదే వాడడం తప్పు. ఆ తప్పులో నాకూ వాటా ఉందని రాశాను కదండీ."

"అదంతా ఎవరు వింటారు? పూర్ణచంద్రరావు తప్పు చేశాడనే వింటారు." ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. నాకు జాలేసింది. జాలివేసినా కాగితం మారదు.

"మార్చండి," అన్నారు.

"మార్చనండి."

"అయితే ఇది సొరుగులోనే ఉంటుంది."

"ఉంచుకోండి. ఇంకోటి నిన్ననే రిజిస్టరు పోస్టులో వెళ్ళింది."

ఆయన నన్ను కొత్తవాణ్ణి చూసినట్టు చూశారు. "పన్నెండేళ్ళలో మీరు గట్టిగా మాట్లాడడం నేను వినలేదు."

"ఇప్పుడూ గట్టిగా మాట్లాడలేదండి."

ఆ తర్వాత పది రోజులు శాఖలో నాతో ఎవరూ అవసరానికి మించి మాట్లాడలేదు. టీ మాత్రం వేళకు వచ్చేది. నాకు పంచదార తక్కువ వేయాలన్నది కూడా ఎవరూ మర్చిపోలేదు. కరుణ రోజూ ఉదయం శాఖాధిపతి గదికి వెళ్ళి, సంతకం అడిగి, కాదనిపించుకుని వచ్చేది. "రోజూ ఎందుకమ్మా?" అంటే, "అడగలేదని అనకూడదు కదండీ," అనేది.

సంఘం కార్తీక పౌర్ణమి మర్నాడు పని మొదలుపెట్టింది. ప్రయోగశాలకు కొత్తగా సున్నం వేశారు. అధ్యక్షుడు వెంకటకృష్ణయ్యగారు చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరైనాయన. ఉదయం ఏడున్నరకే వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే నా నకలు తీశారు.

"పద్నాలుగో ప్రశ్నకి ఇలాంటి జవాబు నేనెక్కడా చూళ్ళేదు. ఎవరు రాశారు?"

"నేనండి."

"నిజమేనా?"

"వచ్చి చూడండి. ఇవ్వాళ పదకొండు దాకా పోటు ఉంటుంది."

"ప్రయోగశాల చూపిద్దామని అంతా సిద్ధం చేశామండి," అన్నారు పూర్ణచంద్రరావుగారు.

"ప్రయోగశాల సాయంత్రం కూడా ఇక్కడే ఉంటుంది కదండీ," అని వెంకటకృష్ణయ్యగారు జీపు వైపు నడిచారు.

పదింటికి మురుగు గట్టు మీద ఉన్నాం. నేను ముందే చెప్పి ఉంచడంతో, తండ్రితో పాటు కరుణ అప్పటికే అక్కడ ఉంది. భుజానికి గుడ్డసంచి, అందులో థీసిస్ ప్రతి. నీళ్ళు సముద్రం నుంచి ఊరి వైపు నడుస్తున్నాయి. తాటాకులు, గుర్రపుడెక్క, ఎవరిదో చెప్పు ఒకటి వరసగా పైకి పోతున్నాయి.

"గాలండి," అన్నారు పూర్ణచంద్రరావుగారు. "తూర్పుగాలికి పైపైన తుక్కు అలా పోతుంది. అడుగున నీళ్ళు కిందికే పోతాయి."

తోమాసు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆగలేక అన్నాడు: "గాలికి తుక్కు వస్తదండి. ఉప్పు కూడా వస్తదాండి?"

చెంబు ఒకటి తాడు కట్టి, రాయి వేసి, నీళ్ళలోకి అడుగు దాకా దించి లాగాడు. వెంకటకృష్ణయ్యగారు దోసిట్లో కాసిని పోయించుకుని నాలిక మీద వేసుకున్నారు. వెంటనే ఉమ్మేశారు. "మీరూ చూడండి," అన్నారు పూర్ణచంద్రరావుగారితో.

ఆయన చాలాసేపు చెంబు వైపు చూశారు. తర్వాత వేలు ముంచి నోట్లో పెట్టుకున్నారు. ఖాళీ స్తంభాలను ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, "తలుపులు ఎప్పుడు పోయాయన్నావు?" అని తోమాసును అడిగారు.

"అరవైతొమ్మిది మే నెలండి."

"నాకెవరూ చెప్పలేదు," అన్నారు. ఆ మాట మాలో ఎవరితో అన్నారో తెలియదు.

వెంకటకృష్ణయ్యగారు గట్టు మీదే తీర్పు చెప్పారు. వచ్చే ఏడు ఎం.ఇ.లో ఎవరినీ చేర్చుకోకూడదు. ఆ ఏడాదిలో పద్ధతి మార్చుకుని చూపిస్తే మళ్ళీ తెరుస్తారు.

"చూశారా మాస్టారూ!" అన్నారు పూర్ణచంద్రరావుగారు. నేను చూశాను. నా కాగితం వల్లే అది జరిగింది. కాదనలేదు.

"ఈ అమ్మాయి థీసిస్ సంగతేంటి?" అన్నారు వెంకటకృష్ణయ్యగారు. "పది రోజులే ఉంది. గైడు సంతకం పెట్టాలి."

"నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. ఒప్పుకుంటాను," అన్నారు పూర్ణచంద్రరావుగారు. "నా పద్ధతి పనికిరాదని రాసిన కాగితం మీద మాత్రం నా చేత్తో సంతకం పెట్టను. నన్ను బలవంతం చెయ్యకండి."

"బలవంతం చెయ్యను. శాఖలో ఇంకొకరు గైడుగా ఉంటానంటే నేను మార్పించగలను." ఆయన నా వైపు తిరిగారు. "మీరుంటే చిక్కొకటుంది. పాతవి రెండు బాగున్నాయని మీరే రాశారు. ఇది పంపాలంటే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నట్టు రాసివ్వాలి. అది ఫైల్లో ఉండిపోతుంది. ఇక ముందు మిమ్మల్ని పరీక్షకుడిగా వేస్తారనుకోను. ప్రొఫెసరు ఉద్యోగానికి కూడా అడ్డొస్తుంది."

"సార్, వద్దండి," అంది కరుణ. "మీ మీదికి తెచ్చుకోకండి."

"నా మీదున్నదే కదమ్మా," అన్నాను.

జీపు బానెట్ వేడిగా ఉంది. దాని మీద కాగితం పెట్టి, రెండు థీసిస్‌ల పేర్లు, సంవత్సరాలు రాసి, వాటికి ఇచ్చిన ఆమోదాన్ని వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. సంతకం పెట్టాను. తర్వాత కరుణ థీసిస్ మొదటి పేజీలో, గైడు అన్న చోట ఇంకో సంతకం పెట్టాను.

"ఇవ్వండి, నేనే తీసుకెళ్ళి అప్పజెప్తాను," అని వెంకటకృష్ణయ్యగారు చెయ్యి చాపారు.

కరుణ ఇవ్వలేదు. "ఒక్క క్షణం ఆగండి. ఇంకా పూర్తి కాలేదండి."

రోజుకో పేజీగా పట్టికలున్న చోట తెరిచి, కలంతో సహా తోమాసు ముందు పెట్టింది. "ఇవి మనం కలిసి చూసినవే. తప్పుంటే చెప్పండి. లేకపోతే కింద సంతకం పెట్టండి."

"ఇది ఇంకా రూలు కాలేదమ్మా," అన్నారు వెంకటకృష్ణయ్యగారు. "మీ మాస్టారు సూచన రాశారంతే. ఇలా పంపితే అక్కడి గుమాస్తాలు గొడవ చెయ్యొచ్చు."

"చెయ్యనివ్వండి. సంతకాలు లేకుండా పంపితే నేనూ ఎక్కించుకున్నదాన్నే అవుతానండి."

వెంకటకృష్ణయ్యగారు చాపిన చెయ్యి దించారు. తోమాసు చెయ్యి చొక్కాకు తుడుచుకుని, మొదటి పట్టికలో ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. మూడో వరస దగ్గర ఆగి, "ఈ పూట వాన పడిందండి. అది రాయలేదు," అన్నాడు. కరుణ పక్కన రాసింది. అప్పుడు అతను తెలుగులో, మిషను బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో, పేరు మొత్తం రాశాడు.

"తోమాసుగారూ, తేదీ కూడా వెయ్యండి," అన్నారు వెంకటకృష్ణయ్యగారు.

ఆ "గారు" నేను విన్నాను. తోమాసు వినలేదు. అతను రెండో పట్టికలో ఉన్నాడు.

పూర్ణచంద్రరావుగారు జీపులో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. "ఎండెక్కుతోంది. ఇంకా ఎంతసేపు?" అని కేకేశారు.

కరుణ తల ఎత్తకుండా జవాబిచ్చింది.

"ఇంకా పదహారు పేజీలున్నాయండి."